గంధం మొక్కకు తోడెందుకు? శ్రీగంధంపై హైదరాబాద్ వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

తొలకరి పడగానే హైదరాబాద్ నర్సరీల్లో శ్రీగంధం మొక్కలకు గిరాకీ మొదలవుతుంది. ఇంటి ముందు ఒకటి పెట్టుకుందామని వచ్చేవాళ్లు కొందరు. షాద్‌నగర్ వైపో, సదాశివపేట వైపో ఫామ్ ప్లాట్ కొని, ఒకేసారి వందల మొక్కలు కావాలని వచ్చేవాళ్లు ఇంకొందరు. ధర అందరూ అడుగుతారు, ఎన్నేళ్లకు కోతకొస్తుందో కూడా అడుగుతారు. పక్కన ఏం నాటాలని అడిగేవాళ్లు మాత్రం చాలా తక్కువ. గంధం బతకడం, బతక్కపోవడం ఎక్కువగా దాని మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి ఈ పేజీలో ఆ సంగతికే ఎక్కువ చోటిచ్చాం.

గంధం చెట్టు పరాన్నజీవి అంటున్నారు. నిజమేనా?

నిజమే. కాకపోతే సగం పరాన్నజీవి. ఆకులు పచ్చగా ఉంటాయి, ఎండలో పిండిపదార్థం తనే తయారు చేసుకుంటుంది. నీళ్లు, నత్రజని, భాస్వరం, పొటాష్ లాంటివాటి కోసం మాత్రం పక్క మొక్కల వేళ్ల మీద పడుతుంది. వంట సొంతంగానే చేసుకుంటుంది, సరుకులే పొరుగింటివి.

పైన చూస్తే ఇదేమీ తెలియదు. కొమ్మలు, ఆకులు, పూలు అన్నీ మామూలు చెట్టులాగే ఉంటాయి, వ్యవహారమంతా మట్టి కింద. అందుకేనేమో, వేల ఏళ్లుగా గంధం అరగదీసుకుంటున్న దేశంలో కూడా ఈ విషయం శాస్త్రానికి ఎక్కింది 1871లోనే. జాన్ స్కాట్ అనే వృక్షశాస్త్రవేత్త దాన్ని మొదట గుర్తించాడు. తర్వాత 1900ల తొలి ఏళ్లలో మద్రాసు ప్రభుత్వంలో పనిచేసిన బార్బర్, గంధం వేరు పక్క వేరులోకి ఎలా దిగుతుందో కోసి చూసి వివరంగా రాశాడు.

వేరుకు వేరు ఎలా అతుక్కుంటుంది? కంటికి కనిపిస్తుందా?

కనిపిస్తుంది. కందితో కలిపి పెంచిన గంధం మొక్కను సంచిలోంచి తీసి, మట్టిముద్దను బకెట్ నీళ్లలో కాసేపు నానబెట్టండి. మట్టిని చేత్తో పిసక్కుండా నీళ్లలో అటూ ఇటూ ఊపుతూ కడగాలి. మట్టి పోయాక సన్నటి గంధం వేళ్ల మీద అక్కడక్కడా లేత రంగులో చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. కొన్ని ఆవగింజంత ఉంటాయి, కొన్ని అంతకంటే పెద్దవి. వెడల్పుగా ఉన్న వైపు కంది వేరును గట్టిగా కరుచుకుని ఉంటుంది. మెల్లగా లాగి చూస్తే ఊరికే ఊడిరాదు, కంది వేరు బెరడు ముక్కతో సహా వస్తుంది. వీటినే చూషకాలు అంటారు.

చూషకం మధ్యలోంచి ఒక మొన లాంటిది పుట్టి, పక్క వేరు బెరడును చీల్చుకుని లోపలికి పోతుంది. నీళ్లు పైకెక్కే దారువు దాకా వెళ్లి, అక్కడ తన దారువును దాంతో కలుపుతుంది. ఆతిథ్యమిచ్చే మొక్కలో కంటే గంధంలో నీటిని గుంజే శక్తి ఎక్కువగా ఉండటంతో, నీళ్లూ అందులో కరిగిన లవణాలూ ఇటువైపు వస్తాయి. చక్కెరలు మోసే పోషక కణజాలంతో మాత్రం నేరుగా సంబంధం పెట్టుకోదు. సగం పరాన్నజీవి అనడానికి కారణం ఇదే.

కొన్నిసార్లు పక్కనున్న ఇంకో గంధం వేరును, చివరికి తన సొంత వేరును కూడా పట్టుకుంటుంది. కాబట్టి గంధం పక్కన గంధమే నాటితే ఒకదాన్నొకటి చూసుకుంటాయిలే అనుకోవద్దు. రెండూ అడిగేవే అయితే ఇచ్చేదెవరు?

తోడు లేకుండా నాటితే వెంటనే చచ్చిపోతుందా?

వెంటనే చావదు, అసలు చిక్కంతా అక్కడే. గింజలో ఉన్న నిల్వతో మొలక కొన్ని నెలలు బాగానే నెట్టుకొస్తుంది. సొంత వేళ్లతో నేలలోంచి కూడా ఎంతో కొంత తీసుకుంటుంది. ఆ తర్వాత ఎదుగుదల ఆగిపోతుంది, ఆకులు చిన్నవై పసుపు తిరుగుతాయి. ఎరువు తక్కువైందని యూరియా వేస్తారు, నీళ్లు తక్కువయ్యాయని రోజూ పోస్తారు. తడి ఎక్కువై వేరు కుళ్లుతుంది. చివరికి నింద మొక్క ఇచ్చిన నర్సరీ మీద పడుతుంది.

మరి ఏ మొక్కల్ని తోడు పెట్టాలి?

గంధం దేన్నైనా పట్టుకుంటుంది. గడ్డి దగ్గర్నుంచి పెద్ద చెట్ల దాకా 300కు పైగా జాతుల మీద దాని చూషకాలను చూశారు. కానీ పట్టుకోవడం వేరు, దానివల్ల బలంగా ఎదగడం వేరు. పప్పుజాతి మొక్కలు గాలిలోని నత్రజనిని వేళ్లలో నిలవచేస్తాయి కాబట్టి సాధారణంగా అవే మంచి తోడు. సరుగుడు పప్పుజాతి కాకపోయినా దాని వేళ్లలోనూ నత్రజనిని పట్టే సూక్ష్మజీవులు ఉంటాయి.

తోడు ఒక్కసారి పెడితే సరిపోదు, గంధం వయసును బట్టి మారుతూ ఉండాలి. సంచిలో ఉన్నప్పుడు కందో, పొన్నగంటి జాతి మొక్కో చాలు. ఇంట్లో పొన్నగంటి కూర కాడలుంటే రెండు గుచ్చినా వేళ్లూనుకుంటాయి. కంది పెడితే మాత్రం ఎప్పటికప్పుడు తల తుంచుతూ ఉండాలి. లేకపోతే అది గంధాన్ని మించి పెరిగి నీడ కమ్మేస్తుంది.

నేలలో నాటాక మొదటి రెండు మూడేళ్లకు కంది, అవిశ లాంటివి పనికొస్తాయి. గంధానికి అడుగు, అడుగున్నర దూరంలో కంది గింజలు వేస్తే చాలు, త్వరగా వేళ్లు కలుస్తాయి. పైగా కందికాయలు మీకే. కంది ఎంతకాలమో ఉండదు కాబట్టి అది పోయేలోగా శాశ్వత తోడు సిద్ధంగా ఉండాలి. సరుగుడు, కానుగ, తుమ్మ జాతులు ఇందుకు బాగుంటాయి. వాటిని గంధంతోపాటే, లేదా ఒక సీజన్ ముందే నాటుకోవాలి. గంధం నాటిన నాలుగేళ్ల తర్వాత గుర్తొచ్చి పెడితే ఆ మధ్యలో పోయిన ఎదుగుదల తిరిగి రాదు.

శాశ్వత తోడును ఎంచేటప్పుడు ఇంకొకటి చూడండి: దాని నీడ ఎంత చిక్కగా ఉంటుంది? గంధానికి లేతప్పుడు కొంచెం నీడ ఇష్టమే, పెద్దయ్యాక తలకు ఎండ తగలాలి. సరుగుడు నీడ పలచగా ఉంటుంది, నాకు దాని మీద మొగ్గు అందుకే. కానుగ పెడితే కొమ్మలు కత్తిరించే ఓపిక ఉండాలి.

నర్సరీలో కొనేటప్పుడు ఏం చూడాలి?

సంచిలో రెండు మొక్కలున్నాయా అని చూడండి. ఒక్కటే ఉంటే, అది ఎంత నిగనిగలాడుతున్నా, తోడు ఎందుకు పెట్టలేదో అడగండి. ‘తోడెందుకు సార్, నీళ్లు పోస్తే చాలు’ అంటే ఇంకో నర్సరీ చూసుకోండి. సంచి అడుగున వేళ్లు చుట్టలు చుట్టుకున్న ముదురు మొక్క వద్దు. ఇంటికి తెచ్చి నాటేటప్పుడు, కలుపు మొక్క అనుకుని ఆ రెండోదాన్ని పీకేయకండి. ఇలా చాలామంది చేస్తారు.

పక్కనున్న మా మామిడి, జామ చెట్లు ఎండిపోతాయా?

పెద్ద చెట్టుకు ఒక్క గంధం వల్ల చావొచ్చేంత నష్టం ఉండదు. చిన్న మొక్కల సంగతి వేరు. కంది లాంటివి గంధం ఎదిగేకొద్దీ నీరసపడతాయి, అందుకు సిద్ధపడే వాటిని నాటుతాం. కూరగాయల మడి పక్కన, గులాబీల పక్కన గంధం పెట్టొద్దనే నా మాట. మధ్యలో ప్రహరీ ఉంటే ఫర్వాలేదనుకోకండి, పునాది లోతు లేని గోడ కిందనుంచి వేళ్లు అవతలికి పోతాయి. మీ గంధానికి పక్కింటివాళ్ల కానుగ నీళ్లు అందిస్తూ ఉండొచ్చు, వాళ్లకు తెలియకపోవచ్చు!

డాబా మీద కుండీలో పెంచుకోవచ్చా?

కొన్నేళ్లు సరదాగా పెంచుకోవచ్చు. పెద్ద కుండీ, అడుగున నీళ్లు పోయే చిల్లులు, తోడుగా పొన్నగంటి ఉంటే చాలు. పొన్నగంటి వాడిపోయిందంటే అర్థం, గంధానికి కూడా దాహమేస్తోందని. మన ఏప్రిల్, మే ఎండలకు డాబా మీద కుండీ మట్టి కాలిపోతుంది కాబట్టి ఆ రెండు నెలలు షేడ్ నెట్ కింద పెట్టండి. చేవ (కాండం లోపల ముదిరి, వాసన పట్టే కలప) కట్టే చెట్టు మాత్రం కుండీలో రాదు.

హైదరాబాద్ నేల గంధానికి సరిపోతుందా?

చాలావరకు సరిపోతుంది. చుట్టుపక్కల చల్కా నేలలు, రాళ్లు కలిసిన ఎర్రమట్టి గంధానికి ఇష్టమే, నీళ్లు నిలవకుండా ఇంకిపోతాయి. కేబీఆర్ పార్కులోనూ, గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలోనూ గంధపు చెట్లు ఉన్నది ఇలాంటి రాతినేలలోనే. చేవెళ్ల, వికారాబాద్ వైపు నల్లరేగడి తగిలితే ఆలోచించాలి. వానాకాలంలో నీళ్లు నిలిచే రేగడిలో గంధం బతకడం కష్టం. గుంత తీసి, ఒక బిందె నీళ్లు పోసి, ఎంతసేపటికి ఇంకుతాయో చూడండి. మర్నాటికి కూడా నీళ్లుంటే అక్కడ నాటకండి.

డ్రిప్ పెడితే గంధానికీ, తోడు మొక్కకూ రెండింటికీ నీళ్లు అందేలా పెట్టాలి. గడ్డి మందులకు దూరంగా ఉండండి. చుట్టూ ఉన్న వేళ్లతో ముడిపడి బతికే మొక్క దగ్గర, కలుపును చేత్తో తీయించడమే క్షేమం.

గింజలు దొరికాయి, మొలకెత్తించవచ్చా?

వచ్చు. పండు చిన్నగా, గుండ్రంగా, ఎరుపు నుంచి నలుపు తిరిగిన ఊదా రంగులో ఉంటుంది. గుజ్జు కడిగేసి, గింజల్ని నీడలో ఆరబెట్టండి. రాలిన వెంటనే మొలవవు, దాదాపు రెండు నెలలు నిద్రలో ఉంటాయి. తొందరగా కావాలంటే నర్సరీలవాళ్లు జిబ్బరెల్లిక్ ఆమ్లం 500 పీపీఎం (పది లక్షల పాళ్లలో 500 పాళ్లు) ద్రావణంలో రాత్రంతా నానబెడతారు. ఇసుకలో చల్లి, నాలుగైదు ఆకులు వచ్చాక సంచిలోకి మార్చి, పక్కనే తోడు పెడితే సరి.

కోకిలలు, పిగిలిపిట్టలు ఈ పండ్లను ఇష్టంగా తింటాయి. ఎవరూ నాటకుండానే కంచెల వెంట, పొదల్లో గంధం మొలిచేది వాటివల్లే. పిట్ట కూర్చునే చోట ఎలాగూ ఇంకో మొక్క ఉంటుంది కాబట్టి గింజకు తోడు అక్కడే దొరుకుతుంది.

మా గంధం చెట్టుకు వాసనే రావడం లేదు. నకిలీదా?

కాదు. బతికున్న చెట్టు ఆకులకు, పూలకు, బెరడుకు గంధం వాసన ఉండదు. సువాసనంతా కాండం లోపలి చేవలోనూ, వేళ్లలోనూ ఉంటుంది. శాంటలాల్ అనే పదార్థాలు దానికి మూలం. నూనె వేళ్లలో ఎక్కువ కాబట్టే గంధాన్ని మొదలు దగ్గర నరకరు, వేళ్లతో పెళ్లగిస్తారు. చార్మినార్ దగ్గర అత్తరు దుకాణాల్లో దొరికే పాతకాలం పద్ధతి అత్తర్లకు ఆధారం ఈ నూనే. పూల ఆవిరిని గంధపు నూనెలోకే పట్టేవారు. ఇప్పుడు చవగ్గా అమ్మేవాటిలో చాలావాటికి ఆధారం వేరే నూనెలే.

వాసనే బయటికి రానప్పుడు పాములు చుట్టుకుంటాయన్న భయం కూడా అక్కర్లేదు. అడుగున పొదలు దట్టంగా పెరిగితే ఏ చెట్టు కిందికైనా పాము వస్తుంది.

ఎన్నేళ్లకు డబ్బు చేతికొస్తుంది? బ్రోషర్లో కోట్లు అన్నారు.

చేవ పట్టడం మొదలవడానికే సుమారు పదేళ్లు పడుతుంది. అమ్మదగ్గ చేవ రావాలంటే 15 నుంచి 20 ఏళ్లు, అడవిలో తనంతట పెరిగే చెట్టుకు అంతకంటే ఎక్కువ. పైగా ఒకే వయసు చెట్లలో కూడా చేవ ఒకేలా ఉండదు. ఒకదానిలో పిడికెడంత, పక్కదానిలో వేలంత. బయట లావు చూసి లోపల చేవ ఎంతో చెప్పలేం.

బ్రోషర్లలో లెక్క సూటిగా ఉంటుంది: ఎకరానికి ఇన్ని చెట్లు, చెట్టుకు ఇన్ని కిలోల చేవ, కిలో ఇంత. నాటినవన్నీ బతుకుతాయని, అన్నీ సమానంగా చేవ కడతాయని, దొంగలు రారని, 15 ఏళ్ల తర్వాత కూడా ధర ఇలాగే ఉంటుందని అందులో లెక్కేస్తారు. ప్లాట్ చూపించడానికి కారెక్కించుకుని తీసుకెళ్లినప్పుడు గంధం వరసల మధ్య ఏ తోడు చెట్లున్నాయో చూడండి. గంధం తప్ప ఇంకేమీ లేకపోయినా, కింద గడ్డి కూడా లేకుండా దున్ని అద్దంలా ఉంచినా, ఆ తోట వేసినవాళ్లకు ఈ చెట్టు గురించి తెలియదన్నమాట. భూమి ధర కోసం కొంటే కొనండి, గంధం పేరు చెప్పి అదనంగా అడిగిన దానికి మాత్రం బేరమాడండి.

ఎర్రచందనం కూడా ఇంతేనా?

కానే కాదు. ఎర్రచందనం పప్పుజాతి చెట్టు, తన కాళ్ల మీద తను నిలబడుతుంది. దానికి గంధం వాసన కూడా ఉండదు, విలువంతా రంగుకూ కలపకూ. శేషాచలం కొండలు, వాటి చుట్టుపక్కల ప్రాంతం దాని పుట్టిల్లు. పేరులో చందనం ఉండటమే రెంటికీ చుట్టరికం.

పట్టా భూమిలో పెంచితే చెట్టు మనదేనా, ప్రభుత్వానిదా?

ఈ అనుమానానికి పాత కథ ఉంది. 1792లో టిప్పు సుల్తాన్ మైసూరు రాజ్యంలో గంధాన్ని రాజవృక్షం చేశాడు. ఎవరి చేలో మొలిచినా సర్కారుదే. ఆ పద్ధతి అక్కడ చాలాకాలం నడిచింది. కర్ణాటక 2001లో, తమిళనాడు 2002లో చట్టాలు మార్చాక పెంచినవాళ్లకు హక్కు వచ్చింది. చేలో మొలిచిన మొక్కను రైతులే గుట్టుచప్పుడు కాకుండా పీకేసిన రోజులూ ఉన్నాయంటే ఆశ్చర్యం లేదు.

మన దగ్గర సొంత భూమిలో నాటుకోవడానికి అడ్డులేదు. నరకాలన్నా, కలప తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. నగరంలో మామూలు చెట్టు కొట్టడానికే 2002 నాటి వాల్టా (నీరు, నేల, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి, గంధం సంగతి చెప్పక్కర్లేదు. తోట వేసేవాళ్లు నాటిన రోజు నుంచే మొక్కల లెక్క, సర్వే నంబరు, ఫొటోలు, బిల్లులు దాచుకోండి. జిల్లా అటవీ అధికారి కార్యాలయంలో ముందే కనుక్కుని, వీలైతే రాతపూర్వకంగా ఇచ్చి పెట్టుకోండి.

దొంగల టెన్షన్ ఎంత?

చేవ పట్టేదాకా తక్కువ, పట్టాక చాలా. నగరం నడిబొడ్డున కాపలా ఉన్న ప్రాంగణాల్లోంచే రాత్రికి రాత్రి చెట్లు మాయమైన వార్తలు చదువుతూనే ఉన్నాం. కాండానికి సన్నటి రంధ్రం కొట్టి చేవ ఉందో లేదో చూసుకుని మరీ వస్తారు. మీ చెట్టుకు అలాంటి తాజా రంధ్రం కనిపిస్తే ఎవరో లెక్కేసుకున్నారని అర్థం, పోలీసులకూ అటవీ శాఖకూ వెంటనే చెప్పండి. ఇంటి ముందు నాటేవాళ్లు గేటు బయట కాకుండా లోపల, కిటికీలోంచి కనిపించే చోట నాటుకోవడం మేలు.

ఆకులు బాగా చిన్నవై, ముళ్లలా నిక్కబొడుచుకుంటున్నాయి. తోడు లేకనా?

తోడు లేని మొక్క పసుపు తిరిగి కుంగుతుంది. ఆకులు ఏడాదికేడాది కుదించుకుపోయి, కొమ్మ నిండా గుబురుగా నిక్కితే అది స్పైక్ తెగులు కావచ్చు. 1899లో కొడగులో మొదట బయటపడింది, కర్ణాటక, కేరళ అడవుల్లో గంధాన్ని బాగా దెబ్బతీసింది. ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి దీనికి కారణం, రసం పీల్చే పురుగులు దాన్ని మోస్తాయి. మందుతో పూర్తిగా నయం కాదు, పట్టిన చెట్టును తీసేయడమే. ఫొటోలు తీసి దూలపల్లిలోని అటవీ పరిశోధన సంస్థ వాళ్లకు చూపించండి. పీకేయడం ఆ తర్వాత.

బదనిక, బంగారుతీగ, పొలాల్లో వచ్చే పొగాకు మల్లె, జొన్న మల్లె కూడా ఇలాంటివేనా?

అన్నీ పూలు పూసే పరాన్నజీవులే, పద్ధతులే వేరు. మామిడి కొమ్మ మీద పెరిగే బదనిక, కంచెల మీద పసుపుపచ్చటి నూలుపోగుల్లా అల్లుకునే బంగారుతీగ కొమ్మల్ని, కాండాల్ని పట్టుకుంటాయి. వేళ్ల మీద బతికేవాటిలో గంధానికి పూర్తి ఎదురు పొగాకు మల్లె. దీన్నే బోడు అంటారు. దానికి పచ్చదనమే లేదు, ఆహారం మొత్తం పొగాకు వేరునుంచే లాగుతుంది. టమాట, వంకాయలనూ వదలదు.

జొన్న మల్లె మధ్యరకం. పైకి వచ్చాక ఆకులు పచ్చగానే ఉంటాయి కానీ, రాకముందే నేలలోపల జొన్నను సగం చంపేస్తుంది. దాని గింజలు దుమ్ములా ఉంటాయి, ఏళ్ల తరబడి నేలలో పడుంటాయి. దగ్గర్లో తగిన వేరు ఉందన్న రసాయన కబురు అందితేనే మొలుస్తాయి. ఆ కబురు మోసే స్ట్రైగాల్ అనే పదార్థాన్ని 1966లో తొలిసారి వేరుచేసింది జొన్న వేళ్లనుంచి కాదు, పత్తి వేళ్లనుంచి! పత్తిని జొన్న మల్లె పట్టలేదు. అంటే పత్తి చేలో మొలిచిన మల్లె ఆకలికి చస్తుంది, జొన్న వేసే చేలో మధ్యలో పత్తి వేస్తే నేలలోని గింజలు కొన్ని అలా ఖర్చైపోతాయి. వేళ్లు ఈ పదార్థాల్ని వదిలేది తమకు మేలుచేసే శిలీంధ్రాల్ని పిలవడానికని 2005లో తేలింది. పిలుపు ఒకరికి, వచ్చేది ఇంకొకరు.

పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ జొన్న మల్లెను తట్టుకునే రకాల మీద చాలా ఏళ్లు పనిచేసింది. ఆఫ్రికా రైతులకు అలాంటి జొన్నల్ని అందించిన శాస్త్రవేత్త గెబిసా ఎజెటాకు 2009లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది, ఆయన కూడా ఒకప్పుడు సూడాన్‌లో ఇక్రిశాట్ తరఫున పనిచేసినవాడే. గంధం గింజకు మాత్రం ఏ పిలుపూ అక్కర్లేదు. నిద్ర తీరాక తడి తగిలితే మొలుస్తుంది, తోడును తర్వాత వెతుక్కుంటుంది.

మా పెరట్లో దానంతటదే మొలిచింది. తీసి మంచి చోట నాటమంటారా?

జానెడు మొలకైతే చుట్టూ వెడల్పుగా మట్టిముద్దతో, పక్క మొక్కతో సహా తవ్వి వానాకాలంలో మార్చుకోవచ్చు. నడుమెత్తు దాటితే వదిలేయండి. తవ్వితే ఎన్ని చూషకాలు తెగుతాయో మీకు కనిపించదు. చుట్టూ పార్కింగ్ టైల్స్ వేయించే ఆలోచన ఉంటే కనీసం దాని చుట్టూ, అది ఆనుకున్న చెట్టు చుట్టూ మట్టి వదలండి. అది ఆనుకున్నది మీరు కొట్టించేద్దామనుకుంటున్న పాత సుబాబుల్ కూడా కావచ్చు. దాన్ని కొట్టించే ముందు పక్కన ఒక సరుగుడు నాటి, రెండు మూడేళ్లు ఆగండి.